కాటుకకు పదకొండు సహాయాలు

కాటుకకు ఇల్లు లేదన్న సంగతి కమిషనరు గారు ఢిల్లీ వెళ్లి వచ్చేదాకా సున్నంబట్టీ వీధిలో ఎవరికీ తెలియదు. కాటుకకు అసలే తెలియదు.

ఆ నల్లకుక్క ఆరేళ్లుగా లోవరాజు ఇస్త్రీ బండి కిందే ఉంటోంది. పొద్దున్నే బులిమంగ ఇడ్లీ బండి దగ్గర మొదటి వాయి దిగగానే వెళ్లి నిలబడేది. "వచ్చావటమ్మా! నీకోసమే చూస్తన్నాను, ఇంక బేరం మొదలెట్టుకోవచ్చు" అని దెప్పుతూనే బులిమంగ రెండిడ్లీలు వేసేది. అవి తిని, మళ్లీ బండి కిందకొచ్చి, ఇస్త్రీకి వచ్చిన మూటల మధ్య ముక్కు దూర్చి పడుకునేది. వెచ్చటి బట్టలంటే దానికి ప్రాణం. లోవరాజు పెళ్లాం పోయి నాలుగేళ్లయింది. పగలంతా పెట్టె తోస్తూ అతను ఆడే మాటలన్నీ కాటుకతోనే. "ఈ డాక్టరు గారి పంట్లాం చూడవే, మడత నిలబడి చస్తేనా!" అంటే అది ఒక చెవి పైకెత్తి వినేది. రెండో చెవి ఎత్తేది కాదు, అంత అవసరం ఉండేది కాదు. వీళ్లిద్దరికీ ఒకరి నుంచి ఒకరికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

అలాంటి సమయంలో గౌతమీపురం నగరపాలక సంస్థకు దయ పుట్టుకొచ్చింది.

ఢిల్లీలో మూడు రోజుల సదస్సు. విషయం, నగరాల్లోని నిరాశ్రయ మూగజీవాలకు పౌరులు ఎన్ని విధాలుగా సాయపడవచ్చు అన్నది. చివరి రోజు ఎవరో పదకొండు మార్గాలు అచ్చేసిన కాగితం ఒకటి పంచిపెట్టారు. మామూలు మనిషైతే తిరుగు రైల్లో దాని మీద వేరుశనగకాయలు పోసుకుని తినేవాడు. కమిషనరు గారు విమానంలో వచ్చారు. దాంతో కాగితం కాస్తా నలగకుండా ఊరు చేరింది, చేరిన వారానికి పథకమైంది. పేరు 'దయాస్రవంతి'. దానికో విభాగం, విభాగానికో గది, గదికో బీరువా. అన్నిటికీ పైన సూపరింటెండెంటు సదానందం గారు. ఆయన అంతకు ముందు ఇరవయ్యేళ్లు జనన మరణాల విభాగంలో పనిచేశారు. ఎదురుగా నిలబడి "బాబూ, నేను బతికే ఉన్నాను" అన్న మనిషిని కూడా కాగితం లేనిదే నమ్మని నిజాయితీపరుడు.

వార్డు వాళ్లందరినీ కల్యాణమండపంలో సమావేశపరిచారు. వేదిక మీద పదకొండు కుండీలు, పదకొండు రంగుల బ్యాడ్జీలు. సదానందం గారు గొంతు సవరించుకుని చదవడం మొదలెట్టారు.

"ఇందుమూలముగా యావన్మంది పౌరులకు తెలియజేయునది ఏమనగా, సదరు మూగజీవాలకు చేయదగు సహాయములు పదకొండు. ఒకటి, ఆహారము. రెండు, నీరు. మూడు, నీడ. నాలుగు, టీకా. అయిదు, స్నానము. ఆరు, ఆట. ఏడు, బుజ్జగింపు. ఎనిమిది, ఛాయాచిత్రము తీసి ప్రచారము చేయుట. తొమ్మిది, పాత దుప్పటి. పది, వాహ్యాళి. పదకొండు, గృహకల్పన. ఒక వ్యక్తికి ఒక సహాయము మాత్రమే అనుమతింపబడును."

"అదేటండీ? అన్నం పెట్టినోళ్లం నీళ్లు పెట్టకూడదాండి?" అంది బులిమంగ ముందు వరుసలోంచి.

సదానందం గారు కళ్లజోడు పైనుంచి చూశారు. "పెట్టరాదు. ఒకే వ్యక్తి వద్ద దయ పేరుకుపోయినచో అది దుర్వినియోగము అగుటకు అవకాశము కలదు. కావున వికేంద్రీకరణ. మా కార్యాలయమున కూడా అంతే. ఇన్‌వార్డు గుమాస్తా అవుట్‌వార్డు ముట్టుకోడు. అందుచేతనే ఇంత సజావుగా నడుచుచున్నది."

జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. నడుస్తున్న తీరు వాళ్లకి తెలుసు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఏ జీవికి ఎవరు ఏ సహాయం చేయాలన్నది మాత్రం లాటరీ. పక్షపాతం అన్న మాట రాకూడదని కమిషనరు గారి పట్టుదల. ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని కుండీల్లోంచి చీటీలు తీశారు. కాటుకకు అన్నం పెట్టే పని జ్యోతిష్కుడు విశ్వపతి గారికి పడింది. రోజుకి రెండొందల ఇడ్లీలు దింపే బులిమంగకు స్నానం పడింది. వీధి చివర కుక్క కనబడితే పక్క వీధి మీదుగా ఇంటికెళ్లే రిటైర్డు హెడ్మాస్టరు సోమిరెడ్డి మాస్టారికి బుజ్జగింపు పడింది. లోవరాజుకు ఛాయాచిత్రం పడింది. అతని దగ్గరున్నది నంబర్లు నొక్కే చిన్న ఫోను. పదకొండోది, అంటే ఇల్లిచ్చి ఉంచుకునే సహాయం, అవధాని గారనే ఆయనకి పడింది. ఆయన ఇల్లు ఖాళీ చేసి గుంటూరు వెళ్లిపోయి ఆర్నెల్లయింది. జాబితా పాతది మరి.

"ఈ నెల ముప్ఫయ్యవ తేదీ నాటికి" అని సదానందం గారు ముగింపులోకి వచ్చారు, "ప్రతి మూగజీవి పత్రములోను పదకొండు గళ్లు నిండవలెను. నిండనిచో సదరు జీవి నిరాదరణకు గురైనట్లు భావించి, మన్యములోని విశ్రాంతి వనమునకు తరలింపబడును. ఇచ్చటికి అరవై కిలోమీటర్లు."

లోవరాజు లేచి చేతులు కట్టుకున్నాడు. "మళ్లీ ఎప్పుడు తీసుకొస్తారండి?"

"తీసుకొచ్చుటకు ఫారము ఇంకా ముద్రింపబడలేదు."

లోవరాజు బండి దగ్గరికి తిరిగొచ్చాడు. ఆ మధ్యాహ్నం డాక్టరు గారి చొక్కా ఒకటి కాల్చేశాడు. పదహారేళ్ల ఇస్త్రీలో అదే మొదటిసారి.

మర్నాటి నుంచి సున్నంబట్టీ వీధిలో దయ చట్టప్రకారం ప్రవహించసాగింది. వార్డు పర్యవేక్షకురాలు తేజోవతి రోజూ పత్రాలు బిగించిన అట్ట పట్టుకుని వచ్చేది. ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన పిల్ల, మంచిదే. కానీ నిబంధనల పుస్తకం ఇచ్చినప్పుడు దాని మీద సంతకం పెట్టి తీసుకుంది కాబట్టి దానికి కట్టుబడాలి. కాటుక మెడలో '412' అని రేకు బిళ్ల కట్టింది. పత్రంలో పేరు రాసే చోట 'కుమారి కాటుక' అని రాసుకుంది.

సోమిరెడ్డి మాస్టారు పసుపురంగు బ్యాడ్జీ పెట్టుకుని, గొడుగు బారుగా చాచి, కళ్లు గట్టిగా మూసుకుని, గొడుగు కొసతో కాటుక వీపు మీద రాసేవారు. మూడు నిమిషాలకు తగ్గరాదని నిబంధన, పైగా నోటితో మాటలు కూడా ఉండాలి. "ఓ శునకమా! నీవు మిక్కిలి మంచిదానవు. నీ నడవడి ప్రశంసనీయము" అనేవారాయన వణుకుతూ. పాపం, బళ్లో పిల్లలకి ప్రోగ్రెసు కార్డుల మీద రాసిన మాటలు తప్ప ఆయనకి వేరే బుజ్జగింపు రాదు.

విశ్వపతి గారు అన్నం పెట్టడానికి పంచాంగం తీశారు. తొలి ఆహారం కాబట్టి మంచి ఘడియ కావాలన్నారు. తొమ్మిదో రోజు దాకా కుదరలేదు. ఆ తొమ్మిది రోజులూ కాటుక ఏం తినాలో పంచాంగంలోనూ లేదు, నిబంధనల్లోనూ లేదు. బులిమంగ ఊరుకోగలదా? స్నానం పేరుతో రోజూ మగ్గులో ఇడ్లీ వేసి పట్టుకొచ్చేది. ఒకనాడు తేజోవతి పట్టుకుంది.

"ఏంటమ్మా మగ్గులో?"

"సబ్బండి."

"తెల్లగా మెత్తగా ఉందేం?"

"కొత్తరకం అండి. ఒంటికి రాసేలోపే నాకేస్తందండి, ఏం జేస్తాం."

తేజోవతి మగ్గులోకి చూసింది, కాటుకను చూసింది, తర్వాత ఆకాశంలోకి చూసి 'స్నానము: సంతృప్తికరము' అని రాసుకుంది. చెప్పాను కదా, మంచిపిల్లని.

పక్క వార్డు వాళ్ల అదృష్టం ఇంత బాగాలేదు. అక్కడ ఒక కుక్కపిల్ల మురుక్కాలవలో పడింది. గట్టు మీద పదకొండు రంగుల బ్యాడ్జీల వాళ్లూ చేరారు గానీ పైకి తీయడమన్నది పదకొండింట్లోనూ లేదు. ఒకాయన పైనుంచే పాత దుప్పటి ఇచ్చాడు. ఒకావిడ ఫొటో తీసింది. చివరికి పూలమ్ముకునే ముసలావిడ ఒకతె "మీ బ్యాడ్జీలు తగలెయ్యా!" అంటూ చీర ఎగదోపి దిగి, పిల్లని తీసి గట్టున పడేసింది. మర్నాడే ఆవిడకు 'దయాతిక్రమణ' నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా కరుణ చూపినందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలట. ఆవిడ ఆ నోటీసులో కనకాంబరాలు పొట్లం కట్టి అమ్మేసింది.

ఎలాగైతేనేం, ఇరవై ఆరో తేదీకి కాటుక పత్రంలో పది గళ్లు నిండాయి. బులిమంగ ఫోను అరువు తీసుకుని లోవరాజు తీసిన ఛాయాచిత్రంలో కాటుక తోకా, తన బొటనవేలూ పడ్డాయి. దానికీ టిక్కు పడింది. ఇక మిగిలింది పదకొండోది. గుంటూరుకు కార్డు రాస్తే, విలాసదారు లేరని తిరిగొచ్చింది.

ఇరవై ఏడున బండి కట్టేసి, తానే ఇస్త్రీ చేసుకున్న తెల్లచొక్కా తొడుక్కుని లోవరాజు ఆఫీసుకెళ్లాడు.

"ఆ పదకొండోది నాకిప్పించండి బాబూ. మీ పేరు చెప్పుకుంటాను."

సదానందం గారు జాలిగా తల అడ్డంగా ఊపారు. "నీవు ఎనిమిది. ఎనిమిది పదకొండు కాజాలదు."

"ఎనిమిది వద్దనేస్తానండి."

"సహాయ విరమణకు తొంబది దినముల గడువు కలదు."

"పోనీ నా బండి కిందే దాని ఇల్లని రాసుకోండి. ఆరేళ్లనించీ అక్కడే ఉంటంది కదండీ."

సదానందం గారు పుస్తకం తెరిచారు. ఆయన వేలు ఆ పేజీల మీద ప్రేమగా నడిచింది. "గృహమనగా గోడలు, కప్పు, గుమ్మము కలది. ఇరవై ఏడవ నిబంధన చూడుము. ఏ గృహము యొక్క గుమ్మము దాటి లోనికి చేరి, ఎవరి బలవంతమూ లేకుండ మూగజీవి ఒక్క కునుకు తీయునో, ఆ గృహస్థుడే దానికి ఆశ్రయదాతగా భావింపబడును. అయితే ఆ గృహస్థునికి వేరొక సహాయ సంఖ్య ఉండరాదు." ఇక్కడ ఆయన గొంతు కాస్త తగ్గింది. "ఈ కునుకు నిబంధన నేనే వ్రాసితిని."

లోవరాజు మూడు రోజులు వీధి వీధంతా తిరిగాడు. నంబరు లేని ఇల్లు ఒక్కటి కనబడితే ఒట్టు. దయాస్రవంతి ఎవరినీ వదల్లేదు, మంచంలో ఉన్న తొంబై ఏళ్ల మామ్మగారికి కూడా 'ఆట' ఇచ్చింది. సాయంత్రాలు బండి దగ్గర కూలబడి కాటుక తల నిమురుతూ కూర్చునేవాడు. అలా నిమరడం ఏడో నంబరు వాళ్ల పని. చూసేవాళ్లు చూడనట్టు పోయేవారు. "నిన్ను తీసుకెళ్లిపోతే నేనెవరితో మాట్టాడనే?" అని అడిగేవాడు. కాటుక ఒక చెవి ఎత్తేది.

ముప్ఫయ్యో తేదీ పొద్దున్న తొమ్మిదిన్నరకి వీధి మొదట్లో వ్యాను ఆగింది. వలలు పట్టుకుని ఇద్దరు మనుషులూ, అట్ట పట్టుకుని తేజోవతీ దిగారు.

లోవరాజు గబుక్కున బండి వెనక్కి వంగాడు. చేతికందిన దుప్పటి లాగి పరిచాడు. నిద్రలో ఉన్న కాటుకను, దాని చుట్టూ ఉన్న బట్టలతో సహా ఎత్తి అందులో పెట్టి, వదులుగా నాలుగు కొసలూ కట్టి బండి పక్కన పెట్టేశాడు. బులిమంగ సబ్బు నాలుగు తిని ఉన్నదేమో, కాటుక కదల్లేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఇస్త్రీవాళ్ల మూటల మీద పేర్లుండవు. ఎవరింటి బట్టలు వాళ్లింటి దుప్పట్లోనే కట్టడం రివాజు. దుప్పటి చూస్తే చాలు, మూట ఎవరిదో తెలిసిపోతుంది. చదువు రానివాడు కూడా పొరబడడు. కానీ ఆ కంగారులో లోవరాజు లాగిన దుప్పటి ఏది? ఆకుపచ్చ అంచున్నది. కమిషనరు గారి బంగళాది.

"కాటుకేది లోవరాజుగారూ?" అంది తేజోవతి. ఆమెకూ ఆ పని ఇష్టంగా లేదని మొహమే చెబుతోంది.

"పొద్దుటినించీ కనబళ్లేదండమ్మా. ఎటు పోయిందో ఏటో."

వలల వాళ్లు బండి కింద వెతుకుతుండగానే బంగళా జీపు వచ్చి ఆగింది. జవాను నూకరాజు దిగి, ఆకుపచ్చ అంచు మూట చూసి, రోజూలాగే భుజానికెత్తుకున్నాడు.

"బరువుగా ఉందేటి లోవరాజన్నా?"

లోవరాజు నోరు తెరిచాడు. ఎదురుగా తేజోవతి, వెనక వలలు. నోరు మూశాడు. మళ్లీ తెరిచాడు.

"కర్టెన్లున్నట్టున్నాయి" అని నూకరాజే సమాధానం చెప్పుకుని, మూట వెనక సీట్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

జీపు మలుపు తిరిగేదాకా లోవరాజు కట్టెలా నిలబడ్డాడు. ఆ తర్వాత ఎర్రగా కాలుతున్న పెట్టెను అలాగే వదిలేసి, చెప్పులు లేకుండా పరుగందుకున్నాడు. "ఓరి నీ పరుగు! కొంప అంటుకుపోద్దిరా!" అని అరుస్తూ బులిమంగ వచ్చి పెట్టెను దింపింది. నిప్పుల పెట్టె వదిలి పారిపోయే ఇస్త్రీవాణ్ణి తేజోవతి ఎన్నడూ చూడలేదు. ఆమెకేదో అనుమానం తగిలి వ్యానెక్కి వెంబడించింది. సగం దారిలో లోవరాజును ఆవిడే ఎక్కించుకుంది.

బంగళా హాల్లో మూట సోఫా మీద విప్పి ఉంది. మధ్యలో, కమిషనరు గారి పట్టుచొక్కా మీద గడ్డం ఆనించి, కాటుక గురక పెడుతోంది. ఓ పక్క ఆ ఇంటి అమ్మగారు రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఇంకో పక్క కమిషనరు గారు. ఆయన వెనకాల ఫైళ్ల మీద సంతకాలకని వచ్చిన సదానందం గారు.

"ఏమిటిది? దీన్ని వెంటనే బయటకి..." అన్నారు కమిషనరు గారు.

"సర్!" అన్నారు సదానందం గారు. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఆయన అబద్ధమాడి ఎరగరు, ఇప్పుడూ నాలుక తిరగలేదు. "గుమ్మము దాటినది సర్. కునుకు తీయుచున్నది సర్. ఎవరి బలవంతమూ కనబడుట లేదు. తమకు వేరొక సహాయ సంఖ్య కూడా లేదు సర్."

తేజోవతి అట్ట తీసి, పదకొండో గడిలో టిక్కు పెట్టింది.

"అభినందనలు సర్. కుమారి కాటుక ఆశ్రయదాత మీరే" అని, వార్డు గ్రూపులో అప్పటికప్పుడు ఫొటోతో సహా పెట్టేసింది కూడా. మధ్యాహ్నానికల్లా మేయరు గారి దగ్గర్నుంచి అభినందన. సాయంత్రానికి విలేకరులు. 'వీధికుక్కకు ఆశ్రయమిచ్చిన ఆదర్శ అధికారి' అని మర్నాడు పేపరు నిండా ఆయన బొమ్మే. ఇంక కాదనడానికి ఎక్కడుంది సందు?

లోవరాజు గేటు బయట నిలబడ్డాడు. కాటుక మన్యం పోలేదు, అదొక సంతోషం. కానీ బండి కింద ఉండబోదు. ఆ రెండోది తల్చుకునేసరికి మొదటిది అడుగంటిపోయింది. ఇంటికెళ్లి అన్నం వండుకోకుండానే పడుకున్నాడు.

బంగళాలో అసలు తమాషా ఆ తర్వాత మొదలైంది.

"దాహంగా చూస్తోందండీ, కాసిని నీళ్లు పోస్తాను" అన్నారు అమ్మగారు.

"ఆగు!" కమిషనరు గారు సోఫాలోంచి లేచిపోయారు. "మనం పదకొండు. నీళ్లు రెండో నంబరు. దయాతిక్రమణ అవుతుంది. నా సంతకంతోనే నాకు నోటీసొస్తుంది!"

కాబట్టి రెండో నంబరు గారిని పిలిపించారు. ఆయన వచ్చి నీళ్లు పోశాడు. ఆ వెనకే పంచాంగంతో విశ్వపతి గారు. కాటుక వాస్తు మారిందని, తూర్పుముఖంగా అన్నం పెట్టాలని, అమ్మగారి పూజగది తలుపు తీయించారు. గొడుగుతో సోమిరెడ్డి మాస్టారు వచ్చారు. కమిషనరు గారు ఫోన్లో మంత్రిగారితో మాట్లాడుతుంటే పక్కనే "నీ నడవడి ప్రశంసనీయము" అని మొదలెట్టారు. అవతల మంత్రిగారు చాలా సంతోషించారని వినికిడి. బులిమంగ బకెట్టుతో దిగి హాలు మధ్యలో స్నానం చేయించింది. ఆట నంబరు మామ్మగారిని మంచంతో సహా మోసుకొచ్చారు. అమ్మగారు మూడో రోజున పుట్టింటికి ఫోను చేసి, వస్తున్నానని చెప్పారు.

ఇంతమంది ఇన్ని సహాయాలు చేస్తున్నా కాటుక మాత్రం బక్కచిక్కిపోతోంది. వేళకి ఛాయాచిత్రం తీయడానికి లోవరాజు వస్తాడు, అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలూ లేచి నిలబడి తోకాడిస్తుంది, చేతులు వాసన చూస్తుంది. అతను వెళ్లగానే గేటు దగ్గర పడుకుని, పెట్టింది ముట్టదు. ఆరో రోజున అరువు ఫోను పైకెత్తి చూస్తే లోవరాజుకు తెర మీద ఏమీ కనబడలేదు. కళ్లనిండా నీళ్లు. "తల్లీ, నిన్ను దాచబోయి పోగొట్టుకున్నానే" అని అక్కడే మెట్టు మీద కూలబడి బావురుమన్నాడు. వసారాలో ఉన్న కమిషనరు గారూ, సదానందం గారూ, తేజోవతీ ముగ్గురూ చూశారు.

కమిషనరు గారి కళ్ల కింద కూడా నలుపు దిగింది. "సదానందం గారూ, దీన్ని ఇతనికిచ్చే మార్గం ఏదైనా చూడండి. పథకం మాత్రం చెడకూడదు."

"లేదు సర్. ఇతడు ఎనిమిది. అదియునుగాక ఆశ్రయదాత త్యజించినచో కరుణాభంగము. తమరే సంతకం చేసిన నిబంధన."

నూకరాజు కాఫీల పళ్లెంతో వచ్చాడు. లోవరాజు కండువాతో మొహం తుడుచుకుంటూ అతన్ని చూశాడు.

"తప్పైతే చెంపలేసుకుంటానండి" అన్నాడు మెల్లగా. "మన నూకరాజు ఉద్యోగం నీళ్ల ట్యాంకు కాడ కదండీ. సంతకం అక్కడ, మనిషి ఇక్కడ. పదేళ్లనించీ తమరి బంగళాలోనే కదండీ వంట జేస్తాడు. ఆ ఏర్పాటేదో మా కాటుక్కి కూడా చేయించకూడదాండి?"

నూకరాజు పళ్లెం అక్కడే దించేశాడు. మనిషి తెర వెనక్కి జరిగాడు. తేజోవతి అట్ట మొహానికి అడ్డం పెట్టుకుంది, ఆ అట్ట ఊగిపోతోంది. కమిషనరు గారు సదానందం గారి వైపు చూడలేదు, సదానందం గారు కమిషనరు గారి వైపు చూడలేదు. మెల్లమెల్లగా సదానందం గారి మొహం వెలిగింది.

"డిప్యుటేషను!" అన్నారాయన.

సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది. తేజోవతి కాటుకను వ్యాన్లో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని సున్నంబట్టీ వీధికి తెచ్చింది. తలుపు తీయడమే ఆలస్యం, అది ఒక్క దూకు దూకి, బండి కింద మూటల్లో ముక్కు దూర్చేసింది. బులిమంగ ఆ పూటకి సబ్బన్న మాటే ఎత్తకుండా, అందరి ఎదటా, ఇడ్లీలు ఇడ్లీల్లాగే పట్టుకొచ్చింది. సోమిరెడ్డి మాస్టారు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉత్తర్వు చదివి వినిపించారు.

"కమిషనరు గారి బంగళా హెడ్‌క్వార్టర్సుగా గల కుమారి కాటుక, సంఖ్య 412, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, సున్నంబట్టీ వీధి ఇస్త్రీ బండి దిగువ భాగమున విధులు నిర్వర్తించవలసినదిగా డిప్యుటేషనుపై పంపడమైనది. ఇట్టి కాలములో సదరు జీవికి కావలసినవన్నియు స్థానికంగా ఏర్పాటు చేసుకొనవలెను."

"స్థానికంగా అంటే?" అంది బులిమంగ.

"అంటే మన ఇష్టం" అన్నారు మాస్టారు.

లోవరాజు కాగితం అందుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెట్టి, మళ్లీ అనుమానమొచ్చి అడిగాడు. "అయితే ఇంక ఇది మనదేనాండి మాస్టారూ?"

"కాగితం ప్రకారం కాదయ్యా. అది కమిషనరు గారిది. మన దగ్గరుంటుంది, అంతే."

లోవరాజు వంగి బండి కిందకి చూశాడు. కాటుక అప్పుడే కళ్లు మూసింది. డాక్టరు గారి పంట్లాం మీద దర్జాగా తల ఆనించింది.

"మరి ముందునించీ అంతే కదండీ" అన్నాడు అతను, పెట్టెలో బొగ్గులు సర్దుకుంటూ. "మనదని ఎప్పుడనుకున్నాం? మన కాడుండేది, అంతే."